సప్తసంతానాలూ – గబ్బిలాయీ



మనిషి పోయిన తరువాత కూడా వాని పేరు నిలిపేవి ఏడున్నవని మన పెద్దలు చెప్పినారు. తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి, పుత్రుడు – ఇవి సప్తసంతానాలు. చెరువు త్రవ్వించినవాడు, తోపు వేయించినవాడు, గుడి కట్టించినవాడు తన తరువాతి మనుష్యుల కోసమే ఆ పని చేసినాడు. కాని ఈ ఏడింటిలో మూడింటిని, అనగా చెరువును, తోపును, గుడిని, మనకంటె శ్రద్ధగా వాడుకొంటున్న ప్రాణి ఒకటి మా అనంతపురం మెట్ట మీద ఉన్నది. అది గబ్బిలము. మా పల్లెలవారు దానిని గబ్బిలాయి అంటారు. నాల్గవదైన కృతిలో కూడా దానికి చోటు దొరికింది. ఆ నాలుగింటి చరిత్రను వరుసగా చెప్పుకొంటే, ఈ కరవు సీమలో మనిషికీ గబ్బిలానికీ నడుమ సాగిన పొత్తు ఎట్టిదో తెలుస్తుంది. అందుకే ఈ టపా.

ముందు పేరు సంగతి. నేను తెలుగు పండితుడుగా పనిచేసిన కాలంలో ‘గబ్బు కొడుతుంది గనుక గబ్బిలం’ అని పిల్లలు వ్యుత్పత్తి చెప్పి నవ్వేవారు. అప్పుడు అమరకోశం తీయించేవాణ్ణి. అందులో గబ్బిలానికి జతుక, అజినపత్ర అని పేర్లున్నవి. అజినమంటే తోలు. పత్రమంటే ఆకే గాక రెక్క కూడా. తోలే రెక్కలుగా గలది అని విగ్రహవాక్యం చెప్పుకొంటే, ఆ పేరు పెట్టినవాడు దానిని ఎంత దగ్గరగా చూచినాడో అర్థమవుతుంది. పాశ్చాత్య శాస్త్రజ్ఞులు పెట్టిన ‘కైరోప్టెరా’ అన్న పేరుకు ‘చేయే రెక్కయినది’ అని అర్థం. మనవారు తోలును చూచినారు, వారు ఆ తోలులోని వేళ్ళను చూచినారు. రెండూ నిజమే. గబ్బిలం రెక్కలో ఉన్నవి చాచిన చేతివ్రేళ్ళు, వాని మధ్య పరచిన పలుచని చర్మం. ఈకలు లేవు, గుడ్లు లేవు. అది పిల్లను కని పాలిచ్చే జంతువు. పాలిచ్చే జంతువులలో నిజంగా రెక్కలాడించి ఎగురగలిగినది అదొక్కటే.

మనుస్మృతి పన్నెండవ అధ్యాయంలో ఏ దొంగతనం చేసినవాడు ఏ జన్మ ఎత్తుతాడో ఒక జాబితా ఉన్నది. బెల్లం దొంగిలించినవాడు వాగ్గుదమై పుడతాడట. వాగ్గుదమంటే పండ్లు తినే పెద్ద గబ్బిలము. తీపికి మరిగిన ప్రాణి అని ఆనాటివారికి తెలుసునన్నమాట. నిందలోనూ ఒక పరిశీలన ఉన్నది.

ఇక మొదటి సంతానం, తటాకము.

మా ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది కూడా కురిస్తే ఒక్కసారి కురుస్తుంది, లేకుంటే మొగము చాటేస్తుంది. అందుచేత ఈ సీమ చరిత్రంతా చెరువుల చరిత్రే. అనంతపురం అనే పేరే చెరువుతో పుట్టిందని ప్రతీతి. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు క్రీ.శ. 1364లో పండమేరు వాగుకు కట్ట వేయించి చెరువు కట్టించినాడనీ, దాని రెండు కొసల వెలసిన ఊళ్ళే అనంతసాగరం, బుక్కరాయసముద్రం అనీ చెబుతారు. అనంతసాగరమే నేటి అనంతపురమైనది.

సాయంసంధ్యలో నిండిన చెరువుగట్టు మీద నిలబడితే రెండు రకాల గబ్బిలాలు కనబడతాయి. చిన్నవి నీటి మీద ముసిరే దోమలను, పురుగులను వేటాడుతూ గిరగిర తిరుగుతుంటాయి. పెద్దవి, రెక్కలు చాచితే మూడు నాలుగడుగులుండేవి, తోపుల నుంచి బయలుదేరి తిన్నగా వస్తాయి. అవి ఒడ్డున వాలి నీరు త్రాగవు. ఎగురుతూనే దిగివచ్చి పొట్టను నీటికి తాకించి పైకి లేచి, తరువాత కొమ్మకు వ్రేలాడుతూ ఆ తడిసిన బొచ్చును నాకుతాయి. పైట చెంగు తడుపుకొని బిడ్డ పెదవులకద్దే తల్లి నాకు జ్ఞాపకం వచ్చేది. చెరువు ఎండితే ఈ పెద్ద గబ్బిలాల కష్టం చెప్పనలవి కాదు. పగలంతా చెట్టు కొనకు ఎండలో వ్రేలాడవలసిన ప్రాణులవి. రెక్కలతో విసరుకొంటూ, ఒళ్ళు నాకుకొంటూ వేడిని తట్టుకొంటాయి. దానికీ ఒక హద్దున్నది. 2020 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ జిల్లాలో గబ్బిలాలు గుంపులుగా రాలి చచ్చిపోతే, జనం అంటురోగమేమోనని భయపడినారు. పరీక్షించి చూస్తే అది వడదెబ్బ. మా సీమలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటడం వింత కాదు. కనుక ఇక్కడి చెరువులో నీరున్నదా లేదా అన్న ప్రశ్న రైతుకెంతో గబ్బిలానికీ అంతే.

రెండవది వనము.

చెరువుగట్టున చింత, మర్రి, రావి, ఇప్ప, కానుగ వేయించటం ఒకనాడు పుణ్యకార్యం. చింతతోపులో పండు పంచాయతీకి, నీడ బాటసారికి, పైకొమ్మలు గబ్బిలాయిలకు. ఇది ఎవరూ వ్రాయని ఒప్పందం. మర్రి, రావి, మేడి పండ్లు తిని, గింజలను దూరదూరాల విసర్జించి, కొండల మీదా బీళ్ళలోనూ మళ్ళీ ఆ చెట్లను మొలిపించేది ఈ ప్రాణే. బూరుగు, ఇప్ప పువ్వులలోని తేనె త్రాగి పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు మోసేదీ ఇదే. కదిరికి సమీపాన గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది కదా. దాని నీడ అయిదెకరాలకు పరచుకొన్నది. 1989లో గిన్నిస్ పుస్తకంలో ప్రపంచంలోనే అతి విస్తారమైన వృక్షంగా చేరింది. పదిహేనవ శతాబ్దంలో భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితి గుంజ చిగిర్చి ఆ మాను అయినదని ఐతిహ్యం. ఆ కథను భక్తితో వినవచ్చును. దానితోపాటు, మర్రి జాతి ఈ మెట్టల మీద ఊరూరా వ్యాపించటంలో రాత్రివేళ పండ్లు తిని గింజలు చల్లిన గబ్బిలాల పాత్రను కూడా తలచుకొనవచ్చును. ఈ మాను ఇప్పుడు 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

నేను పనిచేసిన ఒక పల్లెలో చింతతోపు నిండా గబ్బిలాయిలుండేవి. అక్కడి వృద్ధుడొకాయనను, ‘ఇవి కరవు ఏడాది ఏమవుతాయి పెద్దాయనా?’ అని అడిగినాను. ఆయన అన్న మాట ఇది: ‘మేమేమయితామో అవీ అదే అయితాయి ఐవారూ. వాన ల్యాకుంటే మేము బెంగుళూరికి పోతాము. అవి యాడికో పోతాయి. వాన పడితే మేమూ వస్తాము, అవీ వస్తాయి. రాని ఏడు ఊరికి మంచిది కాదు.’ పండు, పువ్వు ఎక్కడుంటే అక్కడికి మకాం మార్చటం పెద్ద గబ్బిలాల స్వభావమని శాస్త్రజ్ఞులూ చెబుతారు. వలసలో తన బంధువును గుర్తించిన ఆ వృద్ధునికి శాస్త్రం అక్కరలేకపోయింది. తరువాతి కాలంలో ఆ తోపులో సగం చెట్లు రోడ్డు వెడల్పులో పోయినవి. మిగిలిన సగంలో అవి ఇరుకున సర్దుకొన్నవి.

చిన్న గబ్బిలాల మేలు ఇంకొక తీరుది. అనంతపురం రైతు దశాబ్దాల తరబడి వేరుశనగను నమ్ముకొన్నాడు. ఆ పంటకు ఎర్ర గొంగళి పురుగు పెద్ద శత్రువు. తొలకరి పడగానే భూమిలోని కోశాల నుంచి రెక్కల పురుగులు రాత్రివేళ బయటికి వచ్చి గ్రుడ్లు పెడతాయి. అందుకే ఆ రాత్రులలో పొలాలలో మంటలు వేసి, దీపపు ఎరలు పెట్టి వాటిని చంపే పద్ధతి ఉన్నది. రాత్రి ఎగిరే ఇట్టి పురుగులే చిన్న గబ్బిలాల ఆహారం. రైతు మంట ఆరిన తరువాత కూడా వాటి పని తెల్లవార్లూ సాగుతుంది. కూలి అడగని కావలి.

దీని విలువను లెక్కగట్టిన దేశం అమెరికా. అక్కడ 2006 నుంచి ఒక బూజు తెగులు సోకి గబ్బిలాలు లక్షలుగా చనిపోయినవి. పురుగులను తిని గబ్బిలాలు వ్యవసాయానికి చేసే సాయం ఏడాదికి సుమారు 2,290 కోట్ల డాలర్లని 2011లో ‘సైన్స్’ పత్రికలో ఒక అంచనా వచ్చింది. 2024లో అదే పత్రికలో వచ్చిన మరొక పరిశోధన ఇంకా కలవరపెట్టేది. గబ్బిలాలు పోయిన జిల్లాలలో రైతులు పురుగుమందుల వాడకం సుమారు 31 శాతం పెంచినారట. ఆ జిల్లాలలో శిశుమరణాలు దాదాపు 8 శాతం పెరిగినవట. గబ్బిలం ఇంట దూరితే చంటిపిల్లలకు కీడని మనవైపు కొందరి నమ్మకం. అక్కడేమో గబ్బిలం లేకపోవటమే చంటిపిల్లలకు కీడై కూర్చున్నది.

మూడవది దేవాలయము. ఇక్కడ చిక్కు ఉన్నది.

1565 యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు హంపి విడిచి పెనుకొండకు వచ్చినారు. అదీ నిలువలేదు. పాలకులు మారినారు, పాళెగాండ్లు వచ్చినారు, పోయినారు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటలలో మనుష్యులు ఖాళీ చేసిన మంటపాలూ, ధాన్యాగారాలూ, చీకటి గదులూ మిగిలినవి. మనిషి వెళ్ళిన ఇంటిలోకి మొదట వచ్చే కాపురస్థుడు గబ్బిలము. 1819లో జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు సైనికాధికారి వేటకు వెళ్ళి అజంతా గుహలను చూచేనాటికి వాటిలో ఉన్నవి గబ్బిలాలూ పక్షులే. దీపం పెట్టే పూజారి లేకపోయినా, ప్రభువు లేకపోయినా, గర్భాలయంలో ప్రాణస్పందన ఆగకుండా చూచినవి అవి.

కాని శిల్పానికీ చిత్రానికీ గబ్బిలం మంచి చుట్టం కాదన్న మాటా దాచరాదు. వాటి మూత్రమూ పెంటా రాతిని మచ్చపరుస్తాయి, రంగులను తింటాయి. అజంతా చిత్రాలకు ఆ హాని జరిగింది. పదహారవ శతాబ్దంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయపు మంటపం పైకప్పున విజయనగర కాలపు వర్ణచిత్రాలు ఉన్నవి. అట్టి చిత్రాల క్రింద గబ్బిలాలు కాపురముండాలని నేను వాదించను. అవి తిని విసర్జించిన రావి గింజ గోపురం సందున మొలిచి రాళ్ళను చీల్చటం కూడా మనమెరిగినదే. అయితే చిత్రాలున్న మంటపానికి వల కట్టటం వేరు, చిత్రమూ శిల్పమూ లేని పాడుబడిన గదిలో, సొరంగంలో పొగబెట్టి తల్లీపిల్లలను చంపటం వేరు. గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. ఒకసారి పొగబెడితే ఆ గుంపు కోలుకొనటానికి ఏండ్లు పడుతుంది. జీర్ణోద్ధరణ చేసేవారు పిల్లలు ఎగురనేర్చిన తరువాత, అవి బయటికి వెళ్ళిన రాత్రివేళ ద్వారం మూయవచ్చును. ఒక చీకటి మూలను వాటికి విడిచిపెట్టవచ్చును. గుడి ఇద్దరికీ సరిపోతుంది.

నాల్గవ సంతానం కృతి.

గుడిలో గబ్బిలానికి ఉన్న ఈ చనువునే ఆధారం చేసికొని తెలుగులో ఒక మహాకావ్యం పుట్టింది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ కవి 1941లో ‘గబ్బిలము’ ప్రకటించినాడు. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపినాడు. నలదమయంతులకు హంస దొరికింది. చిలుకలూ, తుమ్మెదలూ దౌత్యం నడపినవి. జాషువ కథానాయకుడు అంటరానివాడని ఊరు వెలివేసిన పేదవాడు. అతని గుడిసెలోకి ఏ హంస వస్తుంది? వచ్చినది గబ్బిలము. దానితోనే తన మొర కాశీలోని విశ్వనాథునికి వినిపించమని వేడుకొంటాడు. అర్చకుడు దాపులో లేని తరుణం చూచి దేవుని చెవిలో చెప్పమని హితవు కూడా చెబుతాడు. మనిషికి మూసిన గుడితలుపు గబ్బిలానికి తెరచియున్నదన్న ఒక్క నిజం మీద ఆ కావ్యమంతా నిలిచింది.

చరిత్ర దృష్టితో చూడండి. అప్పటికి అనంతపురం జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. హరిజనుల ఆలయప్రవేశానికి మద్రాసు శాసనసభ సమగ్రమైన చట్టం చేసినది 1947లో. అంటే ఆ కావ్యం వచ్చిన ఆరేండ్ల తరువాత. గబ్బిలము దూతగా వెళ్ళి వచ్చిన పిమ్మటనే మనుష్యులకు తలుపు తెరచుకొన్నదని చమత్కారంగా అనుకొంటాను. పక్షులలో చేర్చరు, మృగాలలో చేర్చరు, శుభకార్యంలో తలచరు. ఇట్టి వెలి ప్రాణిని వెలివేయబడిన మనిషి చుట్టంగా గుర్తించినాడు. జాషువ చదివిన తరువాత గబ్బిలాన్ని అసహ్యించుకొనటం తెలుగువానికి అంత సులువు కాదు.

సాహిత్యంలో దొరికిన మర్యాద చట్టంలో దొరకటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అయిదవ షెడ్యూలులో కాకి, ఎలుకలతో పాటు పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువులుగా చేర్చినారు. అంటే ఎవరైనా ఎన్నింటినైనా చంపవచ్చును, అడిగేవారుండరు. ఉబ్బసానికీ కీళ్ళనొప్పులకూ మందని మాంసం కోసం వేటాడేవారికి ఇది బాగా కలిసివచ్చింది. ఆ మాంసం అట్టి రోగాలను నయం చేస్తుందన్నదానికి ఏ ఆధారమూ లేదు. 2022లో చట్టాన్ని సవరించి ఆ షెడ్యూలును ఎత్తివేసినారు. సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. యాభై ఏండ్లు ‘హానికరం’ అన్న ముద్రతో బ్రతికిన ప్రాణికి ఆనాటితో ఆ పేరు పోయింది.

పేరు పోయినా భయం పోలేదు. 2018లో కేరళలో నిపా వైరస్ సోకి 17 మంది చనిపోయినారు. దాని మూలం పండ్లు తినే గబ్బిలాలలో ఉన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు గబ్బిలం పేరెత్తితే జనం ఉలిక్కిపడినారు. చెట్లు కొట్టివేయమనీ, టపాకాయలు కాల్చి తరమమనీ చాలాచోట్ల గొడవ జరిగింది. ఆ ఏప్రిల్‌లో దక్షిణాసియా దేశాల గబ్బిలాల శాస్త్రజ్ఞులు అరవైమందికి పైగా కలిసి ప్రకటన చేసినారు. మన గబ్బిలాల నుంచి ఆ జబ్బు మనుష్యులకు వస్తున్నదన్న ఆధారం లేదనీ, వాటిని తరిమివేయటం మేలు చేయదనీ దాని సారాంశం. జాగ్రత్త అవసరమే. గబ్బిలం కొరికిన పండు తినరాదు. ఈతచెట్టు, తాటిచెట్టు ముంతలకు రాత్రివేళ మూత కట్టవలె. క్రిందపడిన గబ్బిలాన్ని వట్టి చేతులతో పట్టరాదు, పిల్లలను పట్టనీయరాదు. అది కరచినా గీరినా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలె. ఇంతవరకూ చేస్తే చాలును. పామున్న పుట్టకు పాలు పోసే దేశంలో ఈపాటి దూరం పాటించి కలిసి బ్రతకటం తెలియని విద్య కాదు.

కలిసి బ్రతకటం విఫలమైతే ఏమవుతుందో చూడటానికి మేము దూరం పోనక్కరలేదు. హిందూపురానికి ఆగ్నేయంగా, తెలుగు ఇంటింటా వినబడే కోలారు జిల్లాలో హనుమనహళ్ళి అనే ఊరున్నది. అక్కడి గ్రానైటు గుహలలో ఉండే ఒక చిన్న గబ్బిలాన్ని 1994లో కాక్, భట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా ప్రకటించినారు. ముక్కు మీద ఆకువంటి మడత ఉంటుంది. దానిగుండా పలికిన ధ్వని ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వస్తే విని దారి తెలుసుకొంటుంది. లోకంలో ఇంకెక్కడా లేని ఈ జాతి తేరహళ్ళి గుహలలో కూడా ఒకప్పుడు ఉండేది, అక్కడ కనబడకుండా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ప్రభృతుల పరిశీలనలో తేలినది, మిగిలినవి రెండు వందల లోపేనని. 2016లో దానిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం గుర్తించింది. కారణం రాతి క్వారీలు. రాయి పగిలే ఊరిలో ఆ రాతి గుండెలో కాపురమున్న ప్రాణి ఎట్లు నిలుస్తుంది? 2019లో కర్ణాటక ప్రభుత్వం ఆ గుహల చుట్టూ ముప్పై ఎకరాలకు రక్షణ కల్పించింది. ముప్పై ఎకరాలు! మా వైపు ఒక మధ్యతరగతి రైతు మెట్ట చేను. ఒక జాతి యావత్తూ అందులో ఇమిడిపోయింది.

మా జిల్లా కొండలూ ఆ రాయివే. వాటిలోనూ క్వారీలు తొలుస్తున్నవి. ఏ గుండు క్రింద ఏ ప్రాణి ఉన్నదో చూడకముందే పేలుడు మందు కూరుతున్నాము. నాకు బాధ కలిగించేది ఇదే. పేరు పెట్టిన తరువాత పోగొట్టుకొన్నదానికి కనీసం శ్రాద్ధం పెట్టవచ్చును. పేరు పెట్టకముందే పోయినదానికి అదీ లేదు.

మార్పు రాదని నిరాశపడనక్కరలేదు. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో 1980లో ఒక వంతెనను బాగుచేసినప్పుడు దాని క్రింది సందులలో గబ్బిలాలు చేరినవి. ఊరు బెదిరి వాటిని చంపించమన్నది. మెర్లిన్ టటిల్ వంటివారు నచ్చజెప్పినారు. నేడు పదిహేను లక్షల గబ్బిలాలు సంధ్యవేళ బయలుదేరటం చూడటానికి జనం డబ్బు ఖర్చుపెట్టుకొని వస్తారు. చైనా భాషలో గబ్బిలమన్న మాటా, సౌభాగ్యమన్న మాటా ఒక్క ఉచ్చారణతోనే పలుకుతాయి. అందుకని అయిదు గబ్బిలాల బొమ్మను మంగళచిహ్నంగా చిత్రించుకొంటారు. మనకు ఆ శ్లేష లేదు గాని, జాషువ ఉన్నాడు.

చెరువు కట్టించేంత, గుడి కట్టించేంత శక్తి మనలో ఎందరికున్నది? కాని ఉన్న చెరువు పూడకుండా, ఉన్న తోపు నరకకుండా, ఉన్న గుహ పేలకుండా అడ్డుపడటం కూడా సంతానప్రతిష్ఠ వంటిదేనని నా నమ్మకం. మీ ఊరి చింతకో, రావికో గబ్బిలాయిలు వ్రేలాడుతున్నట్లయితే ఆ ఊరిపేరు, చెట్టుపేరు, ఎన్ని ఏండ్లుగా ఉన్నవో మీ పెద్దలనడిగి వ్రాయండి. గబ్బిలానికి మీ వైపు వాడే పేరు కూడా చెప్పండి. చెట్టు కొట్టివేసే నాటికి, అది ఎవరి ఇల్లో చెప్పగల సాక్ష్యం ఒకటి మిగులుతుంది.

శుభం భూయాత్.